నారదుడి వీణ ‘మహతి’, మా డప్పు ‘అమహత్తు’



పోయిన వారం పేర్ల గురించి మాట్లాడుకున్నాం. ఈ వారం పేర్లకు బదులు వాడే మాటల గురించి, అంటే సర్వనామాల గురించి మాట్లాడుకుందాం. వ్యాకరణం అనగానే పారిపోకండి. ఇది మన ఇంట్లో, వాకిట్లో, కాలేజీ స్టాఫ్ రూములో రోజూ జరిగే సంగతే.

ముందు ఈ నాలుగు వాక్యాలు చూడండి.

వీణ పలికింది.
మిషను ఆగింది.
బర్రె ఈనింది.
అక్క వచ్చింది.

నాలుగు క్రియలకూ తోక ఒకటే. వాద్యం, యంత్రం, పశువు, ఆడమనిషి ఒకే వరసలో నిలబడ్డాయి. చూశారా, ఇప్పుడు నేను కూడా ‘నిలబడ్డాయి’ అనే రాశాను! ‘అన్న వచ్చాడు’ అనగానే తోక మారిపోతుంది. సర్వనామం సంగతీ అంతే. వీణ ‘అది’, మిషను ‘అది’, బర్రె ‘అది’. అక్కను కూడా ‘అది’ అనొచ్చు, వ్యాకరణం అడ్డు చెప్పదు. అన్నను మాత్రం అనలేం.

డిగ్రీ మొదటి సంవత్సరంలో ఈ పాఠం చెప్పినప్పుడల్లా ఆడపిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఎవరో ఒకరు అడుగుతారు: ‘అంటే మేము వస్తువులమా మేడమ్?’ ఈ ప్రశ్నకు అవుననీ చెప్పలేం, కాదనీ చెప్పలేం. అందుకే ఇంత పొడుగు రాయాల్సి వస్తోంది.

1. మహత్తు ఎవరు?

పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం 19వ శతాబ్దం మధ్యలో వచ్చింది. ఈ రోజుకీ మన తెలుగు శాఖల్లో వ్యాకరణ పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది. అందులో లెక్క ఇలా ఉంటుంది. మగవాళ్ళను, మగదేవుళ్ళను చెప్పే మాటలు మహత్తులు. మిగతావన్నీ అమహత్తులు. ఆడవాళ్ళను చెప్పే మాటలు ఏకవచనంలో అమహత్తుల్లాగా, బహువచనంలో మహత్తుల్లాగా నడుస్తాయి. బడి పుస్తకాల్లో ఆడవాళ్ళకు ‘మహతీవాచకం’ అని విడిగా ఒక గది కట్టారు. గదికి పేరైతే పెట్టారు గానీ క్రియ తోక మారలేదు.

మహత్ అంటే గొప్పది. అమహత్ అంటే గొప్ప కానిది. ఈ పేర్లు పెట్టడంలోనే ఒక చూపు ఉంది. ఆ చూపును మనం ప్రశ్నించాల్సిందే.

కానీ ఇక్కడ మనవాళ్ళు కొందరు తొందరపడతారు. ‘చూశారా, ఆడదాన్ని వస్తువును చేసింది బ్రాహ్మణ పండితులే’ అని తీర్పు చెప్పేస్తారు. రెండు కారణాల వల్ల అది నిలబడదు. ఒకటి, చిన్నయసూరి బ్రాహ్మణుడు కాదు, చాత్తాద శ్రీవైష్ణవుడు. రెండు, పేర్లు పండితులు పెట్టారు గానీ పద్ధతి వాళ్ళు కనిపెట్టింది కాదు. అది వాళ్ళకంటే చాలా పాతది. భద్రిరాజు కృష్ణమూర్తి గారు ద్రావిడ భాషల మీద 2003లో తెచ్చిన పెద్ద పుస్తకంలో ఈ విషయం వివరించారు. మూల ద్రావిడంలో ఏకవచనంలో ‘వాడు’ ఒక వైపు, ‘అది’ మరో వైపు ఉండేవని, ఆ ‘అది’లోనే ఆడమనిషి, పశువు, వస్తువు ఉండేవని ఆయన నిర్ధారణ. బహువచనంలో మనుషులు ఒక వైపు, మనుషులు కానివి మరో వైపు. అచ్చం మన తెలుగు పద్ధతే. తమిళంలో ‘అవళ్’, కన్నడంలో ‘అవళు’ అని ఆడమనిషికి విడిగా సర్వనామం ఉంది కదా, అది తర్వాత ఆ శాఖలో వచ్చిన మార్పు.

గోండి లాంటి భాషల్లో బహువచనంలో కూడా ఆడవాళ్ళు అమహత్తులతోనే ఉంటారు. అంతమాత్రాన గోండు సమాజం ఆడవాళ్ళను రోలుతో, రోకలితో సమానంగా చూసిందని చెప్పగలమా? మరో వైపు తమిళంలో ‘అవళ్’ ఉంది. ‘అవళ్’ ఉన్నందుకు అక్కడి దళిత స్త్రీకి ఊరి బావిలో నీళ్ళు దొరికాయా? కాబట్టి వ్యాకరణంలో లింగం వేరు, సమాజంలో స్థానం వేరు. రెండింటినీ కలిపి ముడివేసింది ఎవరో, ఎక్కడో వెతకాలి.

2. పేరున్న వీణలు

ముడి ఎక్కడ పడిందో వాద్యాల దగ్గర బాగా కనిపిస్తుంది.

సంస్కృత నిఘంటు సంప్రదాయంలో దేవతల వీణలకు విడివిడిగా పేర్లున్నాయి. సరస్వతి వీణ కచ్ఛపి. తుంబురుడి వీణ కళావతి. విశ్వావసువు వీణ బృహతి. నారదుడి వీణ మహతి. నాలుగూ ఆడపేర్లే. ఇవాళ కూడా మహతి, కళావతి అని ఆడపిల్లలకు పేర్లు పెట్టుకుంటున్నాం.

ఇప్పుడు వ్యాకరణం పాఠాన్ని దీని పక్కన పెట్టి చదవండి. స్త్రీవాచక శబ్దాలకు బడి పుస్తకం పెట్టిన పేరు ‘మహతి’. నారదుడి వీణ పేరూ ‘మహతి’. అంటే కర్రతో, తీగలతో చేసిన ఒక వస్తువు, గౌరవంగల ఆడమనిషి ఉండే గదిలోకి పేరుతో సహా నడిచి వెళ్ళింది. వ్యాకరణం ప్రకారం అది అమహత్తే. కానీ దాన్ని పట్టుకున్న చేయి దేవర్షిది. అందుకే దానికి పేరొచ్చింది.

మరి డప్పు? మా తాత డప్పు కొట్టేవారు. చెక్కతో చేసిన గుండ్రటి చట్రం, దాని మీద బిగించిన తోలు, కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో సిటికెన పుల్ల. కొట్టే ముందు గడ్డి మంట వేసి కాచాలి. తోలు బిగుసుకుంటేనే పలుకుతుంది. వానాకాలం అయితే ‘దానికి సలి బట్టింది, మంట కాడ పెట్టుర్రి’ అనేవారు. చావుకు ఒక దెబ్బ, పెళ్ళికి ఒక దెబ్బ, జాతరకు ఒక దెబ్బ, చాటింపుకు ఒక దెబ్బ. ఇంత శాస్త్రం ఉన్న వాద్యానికి కావ్యాల్లో ఒక మహతి, ఒక కళావతి దొరకలేదు. దొరకకపోవడానికి కారణం తోలు కాదు. మృదంగానికీ తోలే కదా!

మృదంగం మీద ఆవు తోలు, మేక తోలు, బర్రె తోలు ఉంటాయి. ఆ తోళ్ళను ఎంచి, శుభ్రం చేసి, కోసి, బిగించేవాళ్ళలో ఎక్కువమంది దళిత క్రైస్తవులు. గాయకుడు టి.ఎం. కృష్ణ ఆ కుటుంబాల చరిత్రను ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ అనే పుస్తకంగా 2020లో తెచ్చారు. ఆవిష్కరణ సభకు ముందు ఇచ్చిన అనుమతిని చెన్నైలోని కళాక్షేత్ర వెనక్కి తీసుకుంది. సభ మరో చోట జరిగింది. మృదంగం గుడిలోకి వెళ్తుంది, సభలో మధ్యన కూర్చుంటుంది. దాన్ని చేసినవాళ్ళ గురించిన పుస్తకానికి మాత్రం అదే లోకంలో చోటు కష్టమైంది.

మా పాలమూరు జిల్లా కిన్నెర సంగతి కూడా ఇలాంటిదే. డక్కలివాళ్ళు మాదిగలకు ఆశ్రిత కులం. అంటే అంటరానివాళ్ళ చేత కూడా దూరంగా ఉంచబడినవాళ్ళు. ఈ మాట మనం మనకే చెప్పుకోవాలి. వెదురు బొంగుకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టి చేసిన కిన్నెర మీద వాళ్ళు తరతరాలుగా వీరుల కథలు చెప్పారు. 12 మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2021లో ఒక పెద్ద సినిమా పాటలో ఆయన గొంతు వినబడ్డాకే చాలామందికి కిన్నెర అనే వాద్యం ఒకటి ఉందని తెలిసింది. వీణ తీగల లెక్క బడిపిల్లలకు తెలుసు. కిన్నెర మెట్ల లెక్క తెలియడానికి సినిమా రావాల్సి వచ్చింది.

3. ‘అది’ అన్నది ఎవరు?

ఇప్పుడు మనుషుల దగ్గరికి వద్దాం.

తెలుగులో మగవాడికి మెట్లున్నాయి: వాడు, అతను, ఆయన, వారు. ఆడమనిషికీ ఉన్నాయి: అది, ఆమె, ఆవిడ, వారు. ఒక్కో ప్రాంతంలో ఒక్కో మాట, ఆయమ్మ అనేవాళ్ళున్నారు, గామె అనేవాళ్ళున్నారు. అడుగు మెట్టు మాత్రం అన్ని చోట్లా ఒకటే: వాడు, అది.

గమనించండి. మగవాడి అడుగు మెట్టు ‘వాడు’. అది ఎంత తక్కువ చేసే మాటైనా మనిషిని చెప్పే మాటే. వస్తువును ‘వాడు’ అనరు. ఆడమనిషి అడుగు మెట్టు ‘అది’. అక్కడ ఆమె పక్కన గంప ఉంది, చీపురు ఉంది, బర్రె ఉంది. దళిత పురుషుణ్ణి అవమానించడానికి భాషలో చివరి మెట్టు దాకా దించాలి. అంత దించినా అతను మనిషిగానే ఉంటాడు. దళిత స్త్రీని అదే మెట్టుకు దించితే, ఆమె మనుషుల వరసలోంచే బయటికి పోతుంది. ఒకే అవమానం ఇద్దరినీ ఒకే చోట పడేయలేదు.

ఈ మెట్లు ఎవరికి ఏది అన్నది వయసును బట్టి నిర్ణయం కావాలి. ఊళ్ళో కులాన్ని బట్టి నిర్ణయమైంది. గడిలో పదేళ్ళ పిల్లాడు ‘ఆయన’. వాడలో అరవై ఏళ్ళ మనిషి ‘వాడు’. దొరసాని వస్తే ‘ఒచ్చిండ్రు’. ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరిన మా అవ్వ వస్తే ‘అది ఒచ్చిందా?’ మా అవ్వ పేరు ఆ ఇంట్లో ఎవరికీ తెలియక కాదు. అవసరం పడలేదు. చాట ఎక్కడుంది అని అడిగినట్టే అది ఎక్కడుంది అని అడిగేవాళ్ళు.

అదే ‘అది’ మా ఇంట్లో కూడా ఉండేది. మా తాత మా అవ్వను ‘అది’ అనేవారు. కూతుళ్ళను ‘అది’ అనేవారు. డప్పును, ఆవును కూడా. మా అవ్వ తన చెల్లెలిని ‘అది’ అనేది, చెల్లెలు తిరిగి ఆమెను ‘అది’ అనేది. అక్కడ ఎవరికీ చురుక్కుమనలేదు. మగవాళ్ళ పెత్తనం లేదని నేను అనడం లేదు. మా తాతను మా అవ్వ ‘వాడు’ అనలేదు కదా! కానీ అక్కచెల్లెళ్ళ మధ్య ఆ మాటకు తిరుగుబాట ఉంది. ఒకరు అంటే ఇంకొకరు అనగలరు.

కొలత అక్కడుంది. ఒక సర్వనామం చులకనా, చనువా తేల్చాలంటే మాటను చూడకండి. అది తిరిగి వెళ్ళగలదా లేదా చూడండి. మా అవ్వ గడి వాకిట్లో నిలబడి దొరసానిని చూపించి ‘అది లేచిందా?’ అని అడగగలిగేదా? అడిగితే ఏమయ్యేదో మీకు తెలుసు. తిరిగి అనడానికి వీల్లేని చోట ‘అది’ అంటే వస్తువు అనే అర్థం. ఎందుకంటే వస్తువుకున్న లక్షణం కూడా అదే. దాన్ని మనం ఏమన్నా అది మనల్ని తిరిగి ఏమీ అనదు.

వ్యాకరణం ఒక ఇంటిలో అందరినీ పడుకోబెట్టింది. ఎవరిని మంచం మీదికి లేపాలో, ఎవరిని నేల మీదే ఉంచాలో కులం నిర్ణయించింది.

ఇదంతా పాత రోజుల సంగతి అనుకునేవాళ్ళకు ఒక మాట. నాకు డాక్టరేట్ వచ్చిన ఏడాది, ఒక సెమినార్‌లో ఒక పెద్దమనిషి నా పక్కనున్న మగ పరిశోధకుణ్ణి ‘ఈయన’ అని పరిచయం చేశాడు. నన్ను ‘ఇది కూడా మన దగ్గరే చేసింది’ అన్నాడు. ఎంతో ప్రేమగా, నవ్వుతూనే అన్నాడు. నా తర్వాత పరిచయం చేసిన అగ్రకుల పరిశోధకురాలు, నాకంటే చిన్న, ‘ఈమె’ అయింది. కులం పేరు పెట్టి తిడితే కేసు పెట్టడానికి 1989 నాటి చట్టం ఉంది. ‘ఇది’ అన్నందుకు ఏ స్టేషన్‌లో ఏమని రాసివ్వాలి?

4. యంత్రానికి దొరికిన ‘ఆమె’

2020 జనవరిలో బెంగళూరులో ఇస్రో ఒక రోబోను చూపించింది. మనుషుల కంటే ముందు అంతరిక్షంలోకి పంపడానికి తయారుచేసిన ఆ రోబోకు ఆడరూపం ఇచ్చి, వ్యోమమిత్ర అని సంస్కృతం పేరు పెట్టారు. అంతకుముందు 2017లో సోఫియా అనే రోబోకు సౌదీ అరేబియా పౌరసత్వం ప్రకటించింది. 2023 జులైలో ఒడియా చానెల్ ఒకటి లీసా అనే కృత్రిమ యాంకర్‌తో వార్తలు చదివించింది. తర్వాత తెలుగులోనూ అలాంటి బొమ్మ వచ్చింది. ఈ వార్తలన్నీ తెలుగులో చదివాను, విన్నాను. చాలాచోట్ల యంత్రం ‘ఆమె’. వ్యోమమిత్ర మాట్లాడుతుంది, ఆమె రెండు భాషల్లో జవాబిస్తుంది, అని.

తెలుగు సహజంగా యంత్రాన్ని ‘అది’ అంటుంది. మోటారు, ఇంజను, రైస్ మిల్లు, ట్రాక్టర్ అన్నీ ‘అది’. మరి ఈ యంత్రం ఎలా మెట్టెక్కింది? తెల్లటి మొహం, పొందికైన గొంతు, సంస్కృతం పేరు, పెద్ద సంస్థ. వీణకు ‘మహతి’ అనే పేరు ఎలా వచ్చిందో దీనికి ‘ఆమె’ అలాగే వచ్చింది.

అదే వార్తలు వచ్చే టీవీని తుడిచే మనిషిని, ఆ స్టూడియో బాత్రూములు కడిగే మనిషిని అక్కడ ఏమని పిలుస్తున్నారో ఒకసారి వినండి. ‘అది ఇంకా రాలేదా?’

అయితే యంత్రాన్ని ‘ఆమె’ అనడం ఆడవాళ్ళకు గౌరవం అనుకోవద్దు. ఇంగ్లీషువాళ్ళు ఓడను వందల ఏళ్ళు ఆడమనిషిగా చెప్పుకున్నారు. 1734 నుంచి వస్తున్న లాయిడ్స్ లిస్ట్ అనే ఓడల పత్రిక 2002లో ఆ అలవాటు మానేసి ఓడను వస్తువుగానే రాయడం మొదలుపెట్టింది. ఓడ ఆడది ఎందుకైంది? కెప్టెన్ మగవాడు కాబట్టి. నడిపేవాడు ఒకడు, నడిచేది ఒకటి. ఫోన్లలో పలికే సహాయకులకు ఆడగొంతు పెట్టడం మీద యునెస్కో 2019లో ఒక నివేదిక ఇచ్చింది. బూతు మాట అంటే సిగ్గుపడుతున్నట్టు జవాబిచ్చేలా ఆ గొంతుల్లో ఒకదాన్ని తయారుచేశారని అందులో చూపించింది. ఏమన్నా పడే, తిరిగి అనని, అలసిపోని ఆడమనిషి! గడిలో మా అవ్వ దగ్గర ఆశించింది కూడా సరిగ్గా ఇదే. అప్పుడు మనిషిని వస్తువు చేసి ఆ పని చేయించుకున్నారు. ఇప్పుడు వస్తువును ఆడమనిషిని చేసి అదే పని చేయించుకుంటున్నారు.

5. లూసిల్, మిస్ హామిల్టన్

ఇది మన ఒక్కరి కథ కాదు. అమెరికా నల్లవాళ్ళ చరిత్రలో రెండు సంఘటనలు పక్కపక్కన పెట్టి చెబుతాను.

బి.బి. కింగ్ మిసిసిపీ పత్తి చేలల్లో పుట్టి పెరిగిన గొప్ప బ్లూస్ గాయకుడు. 1949లో ఆర్కన్సాలోని ట్విస్ట్ అనే చిన్న ఊళ్ళో ఆయన వాయిస్తుండగా ఇద్దరు కొట్టుకుని నిప్పు అంటుకుంది. బయటికి వచ్చిన కింగ్, మంటల్లోకి మళ్ళీ వెళ్ళి తన గిటార్ తెచ్చుకున్నారు. ఆ గొడవ లూసిల్ అనే ఆమె గురించి అని తర్వాత తెలిసింది. అప్పటి నుంచి తన గిటార్లకు లూసిల్ అనే పేరు పెట్టుకున్నారు. జీవితాంతం ఆ వాద్యం ఆయనకు ఆడమనిషే. పేదవాడు తన పనిముట్టును ప్రాణంగా చూసుకోవడం మనకు తెలియంది కాదు. డప్పుకు సలి బట్టిందన్న మా తాతకు ఆయన బాగా అర్థమయ్యేవారు.

అదే దక్షిణాది రాష్ట్రాల్లో తెల్ల ఆడవాళ్ళను మిస్ అనో మిసెస్ అనో పిలిచేవారు. నల్ల ఆడవాళ్ళను ఎంత వయసున్నా ఒట్టి పేరుతో పిలిచేవారు. 1963లో అలబామా రాష్ట్రంలో మేరీ హామిల్టన్ అనే పౌరహక్కుల కార్యకర్త కోర్టు బోనులో నిలబడ్డారు. ప్రభుత్వ న్యాయవాది ఆమెను ‘మేరీ’ అని పిలిచాడు. నన్ను మిస్ హామిల్టన్ అని పిలిచేదాకా జవాబు చెప్పను అన్నారు ఆమె. కోర్టు ధిక్కారం కింద జైలు, జరిమానా వేశారు. 1964లో అమెరికా సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది.

ఒక మాట కోసం జైలుకు వెళ్ళడం అవసరమా అని ఆ రోజు కూడా ఎవరో అనే ఉంటారు. ఆ మాట వెనక ఉన్నది మర్యాద ఒక్కటే కాదు. ప్రశ్న అడిగేవాడు మనిషిని అడుగుతున్నాడా, వస్తువును తడుముతున్నాడా అన్నది.

6. మనవాళ్ళు ఏం చేశారు?

మనవాళ్ళు చేతులు కట్టుకుని కూర్చోలేదు. 1917 నవంబర్‌లో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన బెజవాడలో జరిగిన సభ ‘పంచమ’ అనే పేరును వదిలి ‘ఆది ఆంధ్ర’ అనే పేరు తీసుకుంది. ఇతరులు పెట్టిన మాటను తిప్పికొట్టి మన మాట మనం పెట్టుకోవడం అక్కడ ఒక రాజకీయ కార్యక్రమం అయింది.

అటు ఒంగోలు ప్రాంతంలో 1870ల కరువు తర్వాత వేలాది మాదిగలు బాప్తిస్మం తీసుకున్నారు. మిషన్ బడుల్లో చదువు నేర్చిన పిల్లలు ఇంట్లో బైబిల్ చదివి వినిపించారు. తెలుగు బైబిల్లో బావి దగ్గర నీళ్ళు చేదుకోవడానికి వచ్చిన సమరయ స్త్రీ ఉంది. ఆమెతో మాట్లాడకూడని కులం లాంటిదే అక్కడా ఉంది. అయినా అచ్చులో ఆమె ‘ఆమె’. బావి దగ్గరికి రానివ్వని ఆడవాళ్ళు ఆ పేజీ విన్నప్పుడు ఏమనుకున్నారో ఎవరూ రాసిపెట్టలేదు. కానీ బావి దగ్గరి ఆడమనిషిని ‘అది’ అనకుండా కథ చెప్పొచ్చని ఒక పుస్తకం చూపించింది.

ఇక డప్పు. ఊరి చాటింపులో డప్పు కొట్టే మనిషి నోటితో మాట్లాడేవాడు, కానీ మాట అతనిది కాదు. పటేలుది, కరణానిది, సర్కారుది. డప్పు ఎలా వాద్యమో, దాన్ని కొట్టే మనిషి కూడా వాళ్ళకు అలాగే వాద్యం. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టింది. ఆ ఉద్యమానికి జనం పెట్టుకున్న పేరు ‘దండోరా’. డప్పు కొట్టి చాటడం అదే, కానీ ఈసారి చాటిన మాట కొట్టినవాళ్ళది. పేరు చివర దాచుకున్న కులాన్ని బయటికి తీసి మాదిగ అని తగిలించుకున్నారు. మాలలు, మాదిగలు వర్గీకరణ మీద వాదించుకుంటారు, వాదించుకోనివ్వండి. వాద్యంగా ఉన్న మనిషి వాదిగా నిలబడ్డాడన్నది మాత్రం చరిత్ర.

ఆ దండోరాలో ఆడవాళ్ళ గొంతు ఎంత వినబడింది అన్న ప్రశ్న కూడా అడగాలి. అందుకు జవాబు కోసం నేను జహీరాబాద్ వైపు చూస్తాను.

7. సంగం షాట్

పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ చుట్టుపక్కల ఊళ్ళ పేద దళిత స్త్రీలతో సంఘాలు కట్టింది. వాళ్ళ మాటలో సంగాలు. కూలిపనికి పోయే ఆడవాళ్ళు, చాలామంది బడిమొహం చూడనివాళ్ళు, వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. 2008 అక్టోబర్ 15న మాచనూరులో సంగం రేడియో మొదలైంది. దాన్ని నడిపింది దళిత స్త్రీలే.

కెమెరా నేర్చుకునేటప్పుడు వాళ్ళు కోణాలకు సొంత పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూస్తే అది పటేల్ షాట్. పటేలు మనల్ని అలాగే చూస్తాడు కాబట్టి. కంటికి కన్ను సమానంగా చూస్తే అది సంగం షాట్. సంగంలో అందరూ ఒకే నేల మీద కూర్చుంటారు కాబట్టి.

నేను చదివిన సాహిత్య సిద్ధాంతాల్లో దృష్టికోణం గురించి ఇంతకంటే సూటిగా చెప్పింది లేదు. సర్వనామం కూడా కెమెరా కోణమే. ‘అది’ పటేల్ షాట్. ‘ఆమె’ సంగం షాట్. యంత్రానికి ఏ సర్వనామం ఇవ్వాలి అని పెద్దలు చర్చించుకునే లోపల, ‘అది’ అనిపించుకున్న ఆడవాళ్ళు యంత్రాన్ని చేతిలోకి తీసుకుని, చూపును తమ వైపు తిప్పుకున్నారు.

ఇక్కడ మళ్ళీ వ్యాకరణం దగ్గరికి రావాలి. తెలుగు క్రియలో ఆడ, మగ తేడా ‘వాడు’, ‘అది’ అన్న చోటే ఉంది. అంటే ఇతరులు మన గురించి మాట్లాడేటప్పుడే ఉంది. మన గురించి మనం మాట్లాడితే లేదు. ‘నేను వచ్చాను’ అని దొర అన్నా, మా అవ్వ అన్నా తోక ఒకటే. ‘నేను’కు మహత్తూ లేదు, అమహత్తూ లేదు. వస్తువు అనలేని మాట అదొక్కటే.

బహువచనం ఇంకా ఆశ్చర్యం. ఒక్క ఆడమనిషి వస్తే ‘వచ్చింది’, బండి కూడా ‘వచ్చింది’. ఇద్దరు వస్తే ‘వచ్చారు’. రెండు బండ్లు వస్తే మాత్రం ‘వచ్చాయి’. లెక్కపెట్టేటప్పుడు కూడా ఇద్దరు ఆడవాళ్ళు, రెండు డప్పులు. అంటే మన పాత భాషలో ఆడమనిషి ఒంటరిగా ఉన్నప్పుడే వస్తువుల వరసలో ఉంది. రెండో మనిషి పక్కన నిలబడగానే వ్యాకరణమే ఆమెను మనుషుల్లో లెక్కపెట్టింది. సంగాల ఆడవాళ్ళకు చిన్నయసూరి సూత్రం తెలియదు. తెలియకుండానే వాళ్ళు ఆచరించింది ఇదే.

కాబట్టి ‘మేము వస్తువులమా మేడమ్?’ అని అడిగే పిల్లలకు నా జవాబు ఇది. కాదు తల్లీ. భాష మిమ్మల్ని వస్తువుల పక్కన నిలబెట్టింది, వస్తువులను చేయలేదు. చేసింది కులం, పెత్తనం. ‘వచ్చింది’ అనే క్రియను మార్చమని నేను ఉద్యమం చేయను. ఆ తోక రాణికీ ఉంది, కూలికీ ఉంది. కానీ ‘అది’కీ ‘ఆమె’కూ మధ్య మెట్టు దగ్గర కాపలా కూర్చున్నవాళ్ళను మాత్రం లేపాల్సిందే.

విద్యార్థి మిత్రులకు మూడు పనులు చెబుతాను.

ఒకటి. మీ హాస్టల్లో, కాలేజీలో ఊడ్చే, వండే, కడిగే అక్కల పేర్లు తెలుసుకోండి. వాళ్ళు ఎదురుగా లేనప్పుడు కూడా ‘ఆమె’ అనండి. ఎదురుగా ఉన్నప్పుడు మర్యాద అందరూ చూపిస్తారు. సర్వనామం వాడేది మనిషి అక్కడ లేనప్పుడే.

రెండు. మీ ఊళ్ళో డప్పు, జమిడిక, కిన్నెర వాయించేవాళ్ళ దగ్గర కూర్చుని, వాద్యం భాగాల పేర్లు, దెబ్బల పేర్లు రాసుకోండి. వీణకున్న నిఘంటువు వాటికీ ఉండాలి. వాయించేవాళ్ళ పేర్లు, వాటికి తోలు చేసిన ఆడవాళ్ళు ఉంటే వాళ్ళ పేర్లు కూడా రాయండి.

మూడు. మన సంఘాల్లోని అన్నలకు. వేదిక మీద అంబేడ్కర్, సావిత్రిబాయి అని చెప్పి, దిగాక మన ఆడ కార్యకర్తను ‘అది ఎక్కడ పోయింది’ అనకండి. ఆమె మిమ్మల్ని తిరిగి ‘వాడు’ అనగలిగే చోట ఉంటే అనండి, అది స్నేహం. అనలేని చోట అంటే మీరు కూడా గడిలోంచే మాట్లాడుతున్నట్టు.

వచ్చే వారం ‘గారు’ గురించి రాస్తాను. ఎవరి పేరు పక్కన ఎప్పుడు వచ్చి కూర్చుంది, ఎవరి పేరు దగ్గరికి ఇంకా రాలేదు అని. మీ ఊళ్ళో మీ అవ్వను, అమ్మను ఎవరు ఏమని పిలిచేవారో కింద రాయండి. పిలిచినవాళ్ళ పేర్లు అక్కర్లేదు. మీ అవ్వ పేరు మాత్రం తప్పకుండా రాయండి.

జై భీమ్.